విమానం ఆయిల్‌తో జీపుకి నేను చేసిన మేలు

ఇప్పటి కుర్ర మెకానిక్కులు బ్రేక్ ఆయిల్ డబ్బా మీద ఏం రాసుందో చదవరు. మూత తీసి పోసేస్తారు. దానికి వాళ్లని తిట్టే హక్కు నాకు లేదు. నేనూ చదవలేదు. చదవకపోగా, చదువుకున్న మనిషి నోటితో చెప్పినా వినలేదు. ఈ సంగతి ఇన్నేళ్లలో మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఇప్పుడు రిటైరయి, పెన్షను కూడా సక్రమంగా వస్తోంది కాబట్టి ఎవరూ నన్నేమీ చేయలేరన్న ధైర్యంతో రాస్తున్నాను.

డెబ్భైల చివరి మాట. రాజమండ్రిలో వ్యవసాయ శాఖ కార్యాలయం వారి షెడ్డులో నేను రోజుకూలీ మెకానిక్కుని. అప్పటికి నాలుగేళ్లయింది. నన్ను పర్మినెంటు చేసే ఫైలు ఆఫీసరు గారి బల్ల మీదికి చేరింది. ఆయన సంతకం ఒక్కటే తరువాయి. పెళ్లిచూపులకి వెళ్తే, కాఫీ కంటే ముందు "పర్మినెంటేనాండి?" అన్న ప్రశ్న వచ్చేది. కాదంటే కాఫీ కూడా చల్లగా వచ్చేది. అందుకని ఆ సంతకం కోసం నేను ఏం చేయడానికైనా సిద్ధంగా ఉన్నాను. చేశాను కూడా.

మా ఆఫీసరు గారు మంచివారే. ఆయనకి జీపంటే ప్రాణం. ఎవరైనా దాని మీద చెయ్యి ఆనిస్తే, చెయ్యి తీసిన చోట జేబురుమాలు పెట్టి తుడిచేవారు. ఆ జీపుని నడిపే డ్రైవరుకి యాభై దాటాయి. పాతికేళ్ల సర్వీసులో బండికి గీత పడనివ్వని మనిషి. నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. రోజూ ఆయన క్యారేజీలోంచి కూర తినడమే మా చుట్టరికం.

ఆ ఏడు సార్వా వరికి దోమపోటు తగిలింది. పైనుంచి మందు చల్లడానికి ఒక చిన్న విమానం ఊరవతల మధురపూడి మైదానంలో దిగింది. దానికి కావలసిన పెట్రోలు పీపాలూ, మందు పీపాలూ మా జీపు వెనక ట్రైలరు తగిలించి తీసుకెళ్లేవాళ్లం. నేను కూడా వెళ్లేవాణ్ణి. వెళ్లకుండా ఎలా ఉంటాను? అప్పటిదాకా విమానాన్ని కింద నుంచి నోరు తెరిచి చూడటమే కానీ, దాని చక్రం పక్కన కూర్చుని ఇడ్లీ తినే యోగం ఎంతమందికి దక్కుతుంది? పైలట్ రోజూ దిగగానే నాకు చెయ్యి ఊపేవాడు. ఆ ఊపుతో నాకు సాయంత్రం దాకా నేల మీద కాళ్లు ఆనేవి కావు.

విమానం బాగోగులు చూసే ఇంజనీరు గారిది కాకినాడ. వైమానిక దళంలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. తక్కువ మాట్లాడేవాడు. ఆయన రేకుల షెడ్డులో ఒక బీరువా, దాని పక్కన ఒక అరమర ఉండేవి. ఆ అరమరలో మూత తీసిన ఒక డబ్బా చూశాను. లోపల ఆయిలు ఎర్రగా, గాజు పళ్లెంలో పోసిన దానిమ్మ రసంలా మెరిసిపోతోంది. ఇదేంటండీ అని అడిగితే, విమానం బ్రేకులకి వాడేది అన్నారు. మా జీపు బ్రేక్ ఆయిల్ వెలిసిపోయిన తేనె రంగులో నీరసంగా ఉండేది. ఆ రెండింటినీ పోల్చుకుంటే నాకు మా జీపు మీద జాలేసింది.

"కాస్త మా జీపుకి ఇప్పించండి సార్" అన్నాను.

"మీ జీపుకి ఇది పనికిరాదయ్యా" అన్నారాయన.

కారణం అడగాల్సింది. అడగలేదు. పిసినారితనానికి మర్యాదైన పేరు పెడుతున్నాడు అనుకున్నాను. గాల్లోంచి వచ్చి దిగే విమానాన్ని ఆపే ఆయిలు, ఊళ్లో కోటిపల్లి బస్టాండు దగ్గర జీపుని ఆపలేదా? నా లెక్కకి ఎదురు లేదు.

ఇంతలో దసరాలు వచ్చాయి. విజయదశమి నాడు ఆఫీసరు గారు సకుటుంబంగా పిఠాపురం అమ్మవారి దర్శనానికి జీపులో వెళ్లాలని సంకల్పం. లాగ్‌బుక్కులో మాత్రం ఆ చుట్టుపక్కల దోమపోటు పరిశీలన అని రాసుకుంటారు. వెళ్లేముందు బ్రేకులు బాగుచేసి పెట్టమని నాకు చెప్పారు. బాగుచేస్తే ఫైలు సంగతి చూస్తానని కూడా అన్నారు. ఆ రెండో వాక్యంతో నా బుర్ర చెడింది.

సప్తమి నాడు పీపాలు దింపడానికి వెళ్లినప్పుడు ఇంజనీరు గారు భోజనానికి వెళ్లారు. అరమరలో ఆ డబ్బా మూత తీసే ఉంది. దాంట్లో ముప్పాతిక వంతు రెండు సోడా సీసాల్లోకి ఒంపుకున్నాను. ఖాళీ కనపడితే దొరికిపోతానని ముందే ఏర్పాటు చేసుకుని వెళ్లాను. మా జీపు బ్రేక్ ఆయిల్‌లో మా గుమాస్తా గారి ఎర్ర సిరా కలిపి ఒక సీసాలో పట్టుకెళ్లాను. అది డబ్బాలో పోశాను. పైనుంచి చూస్తే అచ్చం అదే ఎరుపు. ఆ పనితనానికి నాకు నేనే ముచ్చటపడ్డాను. గుమాస్తా గారు ఆ వారమంతా సిరా ఎవరు తాగేస్తున్నారని గొణుక్కున్నారు.

ఆ సాయంత్రమే జీపులో పాత ఆయిలంతా తీసేసి, ఎర్ర ఆయిలు నింపి, బ్రేకు గొట్టాల్లో ఇరుక్కున్న గాలి తీసేశాను. పెడల్ తొక్కి చూస్తే రాయిలా గట్టిగా ఉంది. ఆఫీసరు గారు స్వయంగా ఒక చుట్టు తిరిగొచ్చి నా భుజం తట్టారు. ఆయన ఇంకొకరి భుజం తట్టడం షెడ్డులో ఎవరూ చూడలేదు. తట్టాక చెయ్యి మాత్రం తుడుచుకున్నారు.

మర్నాడు డ్రైవరు బాబాయ్ నన్ను పక్కకి పిలిచి, "బ్రేకు పట్టేస్తందిరా అబ్బాయ్. కాలు తీసినా వదలట్లేదు" అన్నాడు. కొత్తగా బాగుచేసిన బ్రేకు అలాగే ఉంటుందిలే బాబాయ్ అని ఆయనకే పాఠం చెప్పాను. పాతికేళ్లు తోలిన మనిషికి, నాలుగేళ్ల రోజుకూలీ చెప్పిన పాఠం అది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మహర్నవమి వచ్చింది. ఆయుధపూజ. షెడ్డు గుమ్మానికి అరటి బోదెలు కట్టాం. స్పానర్లకి కూడా బొట్లు పెట్టాం. డ్రైవరు పొద్దున్నే జీపుని గోదావరి రేవుకి తీసుకెళ్లి కడిగి తెచ్చాడు. వస్తూ వస్తూ బండి బరువుగా లాగుతోందని, చక్రాల దగ్గర కమురు వాసన వస్తోందని చెప్పాడు. పూజ వేళ మించిపోతోందని ఎవరూ వినిపించుకోలేదు. బంతిపూల దండ వేశారు. పురోహితుడు గారు కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించారు. ఆఫీసరు గారు ముందు సీట్లో కూర్చున్నారు. వారి భార్య పక్కన నిలబడి చూస్తున్నారు. ఇక బండి కదిలి ఆ నిమ్మకాయలు తొక్కాలి.

డ్రైవరు గేరు వేసి క్లచ్ వదిలాడు. ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేశాడు. బండి ఒక్కసారి వణికి మళ్లీ ఆగింది. నాలుగు నిమ్మకాయలూ పెళ్లివారి విడిదిలో బంధువుల్లా కదలకుండా కూర్చున్నాయి. పురోహితుడు గారు దిష్టి అన్నారు. ఇంకో కొబ్బరికాయ కొట్టారు. నిమ్మకాయలు మార్చారు. నిమ్మకాయల్లో లోపం లేదని అప్పుడు తేలింది.

ఎనిమిది మందిని పిలిచి తోయించారు. జీపు అంగుళం జరగలేదు. అప్పటికి నాకు లోపల ఏదో అనుమానం మొదలైంది. బ్రేకులు వాటంతట అవే పట్టేసి ఉంటే, లోపలి ఒత్తిడి వదిలిస్తే చాలు. స్పానరు పట్టుకుని, తోసేవాళ్ల కాళ్ల మధ్య నుంచి పాక్కుంటూ వెనక చక్రం దగ్గరికి చేరాను. చక్రం లోపలివైపు ఆయిలు వదలడానికి ఉండే నిపిల్‌ని అర చుట్టు తిప్పాను.

అంతే. ఎర్ర ఆయిలు చిమ్మి నా మొహమంతా కొట్టింది. అదే క్షణంలో బ్రేకులు వదిలేశాయి. జీపు ముందుకి దూకింది. ప్రాణాలు పెట్టి తోస్తున్న ఎనిమిది మందీ వరసగా వచ్చి నా మీద పడ్డారు. నిమ్మకాయలు నలిగాయి. అరటి బోదె ఒకటి కూలింది. డ్రైవరు హ్యాండ్ బ్రేకు లాగి, గేటు బయట ఇసక కుప్ప దగ్గర బండిని ఆపాడు.

నన్ను ఆ మనుషుల కింద నుంచి లాగారు. మొహం నిండా ఎరుపు. ఆఫీసరు గారి భార్య కెవ్వుమన్నారు. తల పగిలిందన్నారు ఎవరో. పెద్ద గండం రక్తంతో పోయిందని పురోహితుడు గారు తేల్చేశారు. ఆఫీసరు గారు పరుగున వచ్చి, జీపు తుడిచే ఆ జేబురుమాలుతోనే నా మొహం తుడిచారు. నాకు సోడా తాగించారు. నిజం చెప్పాలంటే అప్పుడే చెప్పెయ్యాలి. కానీ సోడా చల్లగా ఉంది. పైగా ఆయన "ప్రాణం పణంగా పెట్టాడు. వీడి ఫైలు సాయంత్రం ఇంటికి తెప్పించి సంతకం చేస్తాను" అని గుమాస్తా గారితో అంటున్నారు. నేను కళ్లు మూసుకుని ఇంకాస్త నీరసంగా మూలిగాను.

తర్వాత ఆయన డ్రైవరు వైపు తిరిగారు. దసరాకి కూతురి ఊరు వెళ్లడానికి డ్రైవరు సెలవడిగితే, పిఠాపురం ప్రయాణం ఉందని ఈయన ఇవ్వలేదు. ఆ కోపంతో హ్యాండ్ బ్రేకు లాగి పెట్టి అందరినీ ఆడించాడని ఆఫీసరు గారికి తోచింది. సాక్ష్యం కూడా ఉంది. ఆపాలనుకున్నప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి చక్కగా ఆపాడుగా! పండగపూట, అందరి ముందు తాళం అడిగి తీసుకున్నారు. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నారు.

డ్రైవరు తాళాన్ని తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. "పాతికేళ్లు తోలానండి. నా బండిని నేనెందుకు పాడుచేసుకుంటానండి" అని ఒక్క మాట అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. నేను సోడా సీసా పట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఇన్నేళ్లలో నేను చేసిన తప్పుడు పనులు చాలానే ఉన్నాయి. కానీ ఆ ఒక్క నిమిషం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో తల వాలిపోతుంది.

అందరూ భోజనాలకి వెళ్లాక, పెడల్ తొక్కితే ఆయిలుని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండరు విప్పాను. లోపల ఉండే రబ్బరు వాషరు నానబెట్టిన శనగలా ఉబ్బిపోయి ఉంది. సిలిండరులో ఇరుక్కుపోయి, తొక్కిన ఆయిలు వెనక్కి రాకుండా దారి మూసేసింది. దాన్ని కాగితంలో చుట్టుకుని సైకిలు మీద మధురపూడి వెళ్లాను. ఇంజనీరు గారు విమానానికి పూజ చేసుకుని, దాని నీడలో పడక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వాషరు చేతిలో పెట్టాను. రెండు వేళ్లతో నొక్కి చూశారు.

ఇది దేంట్లో నానిందని అడిగారు. తెలీదండి అన్నాను. ఆయన రెట్టించలేదు. బడిపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. విమానం బ్రేక్ ఆయిలు పెట్రోలు, కిరసనాయిలు ఎక్కణ్ణుంచి వస్తాయో అక్కణ్ణుంచే వచ్చే సరుకు. దానికి తట్టుకునే రబ్బరు వేరే ఉంటుంది, విమానంలో అదే వేస్తారు. జీపులో వాడే ఆయిలు జాతే వేరు, దాని రబ్బరూ వేరు. ఎర్ర ఆయిలు తగిలితే జీపు రబ్బరు ఉబ్బి ఇలాగే అవుతుంది. బ్రేకు బాగా పట్టినట్టే ఉంటుంది, తర్వాత ఇక వదలదు. ఇప్పుడు మీ జీపులో రబ్బరన్నదల్లా తీసి పారేసి, గొట్టాలన్నీ స్పిరిటుతో కడగాలి అన్నారు.

అప్పుడు నాకు సిరా గుర్తొచ్చింది.

"మరి మా ఆయిలు పొరపాట్న విమానంలో పడితేనండి?"

"మా రబ్బర్లు చెడతాయి. పైలట్ దిగుతాడు. బ్రేకు తొక్కుతాడు. పెడల్ కిందికి పోతుంది, విమానం ఆగదు. మైదానం చివర ఏముందో నీకు తెలుసుగా" అన్నారు.

తెలుసు. తుమ్మలూ, వాటి వెనక గొయ్యీ. అరమర వైపు చూశాను. డబ్బా అక్కడ లేదు. మర్నాడు తెల్లారగానే విమానం లేస్తుంది. రోజూ చెయ్యి ఊపే ఆ మనిషి దాంట్లో కూర్చుంటాడు. ఇక నా వల్ల కాలేదు. సోడా సీసాల దగ్గర్నుంచి సోడా తాగడం దాకా అన్నీ చెప్పేశాను. డ్రైవరు సంగతీ చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆ డబ్బాలోది విమానంలో పోశారాండి అని అడిగాను.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. "ముందు మీ ఆఫీసరు దగ్గరికెళ్లి ఇదే మాట చెప్పు. ఆ డ్రైవరు తాళం అతని చేతికి ఇప్పించు. అప్పుడొచ్చి అడుగు, చెప్తాను" అన్నారు.

"అలా కాదండీ, విమానం..." అని నేనంటే, "రేపటిదాకా ఎగరదు. నీకు సైకిలుంది" అన్నారు.

దారి పొడుగునా తొక్కుతూ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. విమానం సంగతి చెప్పాల్సిన మనిషికి చెప్పేశాను. ఆఫీసరు గారికి కూడా ఎందుకు? డ్రైవరు విచారణలో ఎలాగూ బయటపడతాడు. ఈలోగా సంతకం అయిపోతుంది. రెండు చోట్ల సైకిలు దిగి వెనక్కి తిప్పాను. తిప్పిన ప్రతిసారీ విమానం గుర్తొచ్చి మళ్లీ ఆఫీసరు గారి ఇంటివైపే తిప్పాను. జవాబు లేకుండా ఆ రాత్రి నిద్రపట్టదని నాకు తెలుసు, నన్ను పంపిన పెద్దమనిషికీ తెలుసు.

ఆఫీసరు గారు ఇంట్లో వరండాలో ఉన్నారు. బల్ల మీద నా ఫైలు తెరిచి ఉంది. పెన్ను మూత తీసి ఉంది. నిలబడే అంతా చెప్పాను. దొంగతనం గురించి ఆయన ఏమీ అడగలేదు. విమానం గురించి కూడా అడగలేదు. ఒక్కటే అడిగారు.

"మరి ఆ రక్తం?"

"ఆయిలండి."

లోపలి గదిలోంచి వారి భార్య పకపకా నవ్వారు. ఆ నవ్వే నా కొంప ముంచింది. ఆయన పెన్ను మూత బిగించారు. ఇంకో రెండేళ్లు ఇతని నడవడి పరిశీలించి తర్వాత నిర్ణయించవలెనని ఫైలు మీద పెన్సిలుతో రాశారు. తర్వాత జేబులోంచి జీపు తాళం తీసి నా చేతిలో పెట్టి, డ్రైవరుకి నువ్వే ఇచ్చిరా అన్నారు. మర్నాడు ఆయన పిఠాపురం అద్దెకారులో వెళ్లారు. ఆ చుట్టుపక్కల దోమపోటు ఆ ఏడు ఎవరూ పరిశీలించలేదు.

డ్రైవరు ఇంటి అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. తాళం ఇచ్చి, తప్పు నాదే బాబాయ్ అన్నాను. ఆయన తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నువ్వేనని నాకు పొద్దున్నే తెలుసురా. బ్రేకులు ముట్టుకున్నది నువ్వొక్కడివేగా. నీ ఫైలు బల్ల మీదుందని ఊరుకున్నాను" అన్నాడు.

అన్నం తిని వెళ్లమన్నాడు కానీ, ఆ పూట ఆయన ఇంట్లో తినే మొహం నాకు లేదు. సాయంకాలం కావస్తుంటే మళ్లీ మధురపూడి దారి పట్టాను. ఒళ్లు హూనమైపోయింది. ఫైలు పోయింది. అయినా విమానం సంగతి తేలేదాకా ఊపిరి ఆడదు.

ఇంజనీరు గారు నన్ను చూసి, తాళం ఇచ్చావా అని అడిగారు. ఇచ్చానండి, నా పర్మినెంటు రెండేళ్లు వెనక్కిపోయింది, ఇప్పుడైనా చెప్పండి అన్నాను. ఆయన లేచి బీరువాలోంచి ఒక గాజు సీసా తీసి వెలుతురులో పట్టుకున్నారు. అందులో రెండు ఎరుపులు ఉన్నాయి. పైన ఒకటి, కింద ఒకటి. మధ్యలో దారం పెట్టి కొలిచినట్టు గీత. నేను ఎంత ముచ్చటపడి కలిపినా, ఆ రెండు ఆయిళ్లూ ఒకదాంట్లో ఒకటి కలవలేదు.

సప్తమి సాయంత్రమే చూశానన్నారు. అసలు విమానానికి ఒకసారి మూత తీసిన డబ్బా మళ్లీ వాడరట. సీలు తియ్యాలి, పొయ్యాలి, మిగిలింది పక్కన పెట్టెయ్యాలి, అదీ పద్ధతి. అరమరలో ఉన్నది పారబోయడానికి పెట్టిన డబ్బా. దాంట్లో నేను గోదావరి నీళ్లు పోసినా, గంజి పోసినా విమానానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

నాకు ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే ఒళ్లు మండింది. ఎవరితో మాట్లాడుతున్నానో కూడా మరిచిపోయి అరిచాను.

"ఈ ముక్క మధ్యాహ్నమే చెప్తే మీ సొమ్మేం పోయిందండీ? నేను ఆఫీసరు గారి దగ్గరికి వెళ్లేవాణ్ణే కాదు కదా!"

ఆయన సీసాని జాగ్రత్తగా బీరువాలో పెట్టి తాళం వేశారు.

"అందుకే చెప్పలేదు" అన్నారు.